లహరిని బండెక్కించిన రోజు

“సాయంత్రం అమ్మ వచ్చేస్తుందని ఒక్క మాట చెప్పండి దీదీ. మీ నోటితో చెబితే నమ్ముతుంది, గొడవ చెయ్యకుండా ఎక్కేస్తుంది,” అన్నాడు వంశీ. అని, ఆమె ఏమంటుందో వినడానికి ఆగకుండా, నీళ్ళ బాటిల్ తెస్తానంటూ ప్లాట్‌ఫారం మీది జనంలో కలిసిపోయాడు. సుభద్ర బెంచీ మీద అలాగే కూర్చుంది. పక్కన అతని కూతురు, ఆరేళ్ళ లహరి, కాళ్ళు బెంచీ మీదికి ముడుచుకుని, చెవులకి చప్పుడు ఆపే పసుపుపచ్చ మఫ్‌లు పెట్టుకుని, బెంచీ ఇనుపచేతికి నుదురు ఆనించి కళ్ళు మూసుకుంది. విశాఖపట్నం వైపు వెళ్ళే బండికి ఇంకా గంట టైముంది. గంట ముందు రమ్మన్నది సుభద్రే. లహరిలాంటి పిల్లని పరుగున తెచ్చి బండెక్కించకూడదు, ముందు చోటు అలవాటు కావాలి, ఆ చప్పుళ్ళు, ఆ వాసనలు, మైకులో ఆ గొంతు, ఒక్కొక్కటే లోపలికి దిగడానికి వ్యవధి ఇవ్వాలి. పద్నాలుగేళ్ళుగా శంకర్ నగర్‌లోని సంస్థలో తల్లిదండ్రులందరికీ ఆమె చెప్పే మాటే ఇది. ఆ గంట తనకే కావలసివస్తుందని మాత్రం అనుకోలేదు.

సాయంత్రం. పొద్దున పదింటికి ఎవరైనా ఎవరికైనా ఇచ్చేయగల మాట. వంశీకి ఎవరూ నేర్పి ఉండరు, నేర్పక్కర్లేదు, పిల్లని వదిలి వెళ్ళాల్సిన మనిషి నోటికి ముందుగా వచ్చేది అదే. చెడ్డవాడు కాదు వంశీ. ఈ మఫ్‌లు అతను తెచ్చినవే. సిల్తారాలో స్టీలు ఫ్యాక్టరీలో పని అతనికి. పెద్ద చప్పుళ్ళ దగ్గర నిలబడేవాళ్ళకి అక్కడ ఇవి ఇస్తారు. తన జత తెచ్చి, కూతురి తలకి సరిపోయేలా వెనక రబ్బరు కట్టి ఇచ్చాడు. తను చెవుల్లో దూది కుక్కుకుని షిఫ్టు చేస్తున్నాడని తర్వాతెప్పుడో అతని భార్య దివ్య చెప్పింది. అవి పెట్టుకుని లహరి మొదటిసారి సంస్థ వరండాలోకి వచ్చిన రోజు సుభద్రకి ఇంకా కళ్ళముందే ఉంది. పక్కింట్లో గ్రైండరు తిరుగుతోంది, వీధిలో కూరగాయల బండివాడు మైకు పెట్టి అరుస్తున్నాడు, మామూలుగా అయితే పిల్ల గోడకి తల కొట్టుకోవాల్సిన సమయం. వరండా మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసింది, ఇంతమంది నోళ్ళు మూయించింది ఎవరా అని వెతుకుతున్నట్టు. ఆ రోజు ఎవరినీ కొరకలేదు. నోటుపుస్తకంలో ఆ తేదీ కింద సుభద్ర ఏమీ రాయలేదు. రాయడానికేమీ లేని రోజు సంస్థలో అందరికీ మంచి రోజు.

ఆ నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ మూడు గళ్ళు. ముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత ఏమైంది. కొరికింది అని రాయడం ఎవరికైనా వచ్చు, కొరకడానికి ముందు ఏం జరిగిందో చూడటమే మన పని అని ప్రేమ్‌చంద్ సార్ అనేవారు. పోలియో కాలితో ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసు మెట్లు ఎక్కి దిగి, రిటైరయ్యాక అద్దె ఇంట్లో ఈ సంస్థ పెట్టిన మనిషి ఆయన. పొద్దున చిన్నపిల్లలు వస్తారు. మధ్యాహ్నం నుంచి పెద్దవాళ్ళు, చక్రాల కుర్చీలో వచ్చి కుట్టుమిషను నేర్చుకునే అమ్మాయిలు, చూపు లేకుండా కుర్చీలు అల్లే ఇద్దరు అన్నదమ్ములు. పిల్లల్లో ఎక్కువమంది బడివాళ్ళు పంపేసినవాళ్ళు. కొడతాడు, కొరుకుతుంది, కూర్చోడు, బట్టలు విప్పేస్తుంది. అన్నిటికీ కలిపి బద్‌మాష్ అని ఒకే మాట. ఆ ఒక్క మాటని మూడు గళ్ళలోకి విడదీసేసరికి ఏడాది పడుతుంది. లహరికి రెండేళ్ళు పట్టింది. సుభద్ర కుడి ముంజేతి మీద ఆ రెండేళ్ళూ పళ్ళ గుర్తులుగా ఉన్నాయి. ఇప్పుడు అదే చేతిని పిల్ల వాసన చూసి గుర్తుపడుతుంది. ఇసక అయ్యేదాకా ఆగు అంటే ఇసక గడియారంలో ఇసకంతా కిందికి జారేదాకా ఆగుతుంది, ఎందుకంటే ఇసక అయ్యాక దీదీ అన్నది జరుగుతుంది. ఒక్కసారి కూడా జరక్కుండా పోలేదు. పోకుండా సుభద్ర చూసుకుంది. రేపు బెలూన్ ఇస్తానని అన్నందుకు, ఒళ్ళు కాలే జ్వరంతో, వానలో, తెలీబంధా చెరువు దాకా వెళ్ళి బెలూన్ కొనుక్కొచ్చింది ఒకసారి. ఇంట్లో అమ్మ కోటమ్మ తిట్టింది. పిల్లకి రేపంటే ఏటి తెలుస్తాదే, ఎల్లుండి ఇస్తే ఏటవుద్ది అని. ఏమవుతుందో అమ్మకి తెలియదా. తెలిసే అడిగిందా. ముప్పై రెండేళ్ళుగా వాళ్ళిద్దరూ ఆ విషయం చుట్టూ తిరిగి నడుస్తున్నారు, ఇంటి మధ్యలో ఎవరో పడుకుని ఉన్నట్టు.

బాబు పుట్టాక లహరి వాళ్ళిల్లు మారిపోయింది. ఏడు నెలల పిల్లాడు ఏడుపు ఎత్తుకుంటే మఫ్‌లు కూడా చాలవు. ఒక ఆదివారం దివ్య పెరట్లో బట్టలు ఆరేస్తోంది, లోపల కుక్కరు కూస్తోంది, టీవీ నడుస్తోంది, బాబు మంచం మీద లేచి ఏడుస్తున్నాడు. మఫ్‌లు పరుపు వెనక పడిపోయి ఉన్నాయి. లహరి ముందు కుక్కరు నోరు ముయ్యబోయి చెయ్యి కాల్చుకుంది. తర్వాత టీవీని కొట్టింది, ఆగలేదు. తర్వాత బాబు కాలు పట్టుకుని మంచం మీంచి లాగింది. కింద బండలు. తలకి ఐదు కుట్లు. సుభద్ర మర్నాడే మూడు గళ్ళూ నింపి వంశీ ముందు పెట్టింది. చూడండి, పిల్లకి వాడి మీద కోపం లేదు, ఆగని చప్పుడు ఉంది, దాన్ని ఆపాలనుకుంది, అంతే. వంశీ అంతా చదివాడు. సూపర్‌వైజరు ఇచ్చిన కాగితం చదివినట్టు వేలు పెట్టి, గడి గడీ చదివాడు. చదివి, “నా కొడుకు తలమీది కుట్లు ఇందులో ఏ గడిలో రాయాలి దీదీ?” అన్నాడు. మూడో గడిలో అని ఆమెకు తెలుసు. పుస్తకం మూసేసింది.

విజయనగరం దాటాక, వంశీ వాళ్ళ ఊరికి దగ్గర్లో, ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హోము ఒకటి ఉంది. వెళ్ళి చూసొచ్చాడు. శుభ్రంగా ఉంది, చెట్లున్నాయి, ఫోన్లో ఫోటోలు తెచ్చి చూపించాడు. ఒక ఆరు నెలలు దీదీ, బాబు కాస్త పెద్దయ్యేదాకా. ఆరు నెలలు అన్నప్పుడు కళ్ళు ఫోటోల మీదే పెట్టుకున్నాడు. సుభద్ర వాదించింది, బాబుని పగలు సంస్థకి తీసుకురండి, మేము చూస్తాం, ఇంట్లో పిల్లకంటూ ఒక మూల ఏర్పాటు చేద్దాం. మూలలన్నీ అయిపోయాయి దీదీ, అన్నాడతను. పోనీ దివ్యతో మాట్లాడదామని నిన్న మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళింది. దివ్య బాబుని భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రమ్మనలేదు. “నన్నేం అడక్కండి దీదీ. నాకు నిద్ర కావాలి. రెండు కళ్ళూ ఒకేసారి మూసి ఎన్నాళ్ళయిందో. ఇది తల్లేనా అనుకోండి, పర్లేదు,” అంది. బాబుని ఇంకో భుజానికి మార్చుకుని, “నేను స్టేషనుకి రాను. నన్ను చూస్తే అది ఎక్కదు, ఎక్కితే నేను ఉండలేను. మీరెళ్ళండి. మీ మాటైతే వింటుంది,” అంది. అక్కడ, ఆ గుమ్మం ముందు, సరే అనేసింది సుభద్ర. నడుచుకుంటూ మెయిన్ రోడ్డు దాకా వచ్చాక తెలిసింది ఎందుకన్నదో. మీ మాటైతే వింటుంది. ఇదే మాట పదిహేనో ఏట ఆమె ఇంకో యాసలో విన్నది.

“నువ్వు సెప్తేనే ఇంటాడే ఆడు. సాయంత్రం వొచ్చెత్తానని సెప్పు, సాలు,” అన్నాడు నాన్న. నాన్న అచ్చయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన మనిషి, ఎప్పుడూ గ్రీజు వాసన. అన్న పేరు చెన్నకేశవులు, ఇంట్లో కేశవ. అప్పటికి పద్దెనిమిదేళ్ళు వాడికి, లేచి నిలబడితే క్వార్టరు గుమ్మానికి తల తగిలేది. వాడికి వచ్చిన మాట సుబ్బి ఒక్కటే. ఆకలేసినా సుబ్బే, కడుపు నొప్పైనా సుబ్బే, రైలు పోతున్నా సుబ్బే. కాలనీలో తెలుగువాళ్ళు పిచ్చోడు అనేవాళ్ళు, మిగతావాళ్ళు పాగల్ అనేవాళ్ళు, రెండింటికీ ఒకేలా నవ్వేవాడు. కోపం వస్తే తలుపులు విరగ్గొట్టేవాడు. ముందు ఏం జరిగిందో చూడాలని అప్పుడెవరికి తెలుసు. ఒకరోజు అమ్మని గోడకేసి తోశాడు, అమ్మ మణికట్టు విరిగింది. ఆ కట్టు చూస్తూ నాన్న వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత ఎవరో చెప్పిన ఆశ్రమానికి ఉత్తరం రాశాడు. వాడికి గడియారం తెలియదు, సాయంత్రం మాత్రం తెలుసు. అది సుభద్ర నేర్పిందే. తను బడికి పోతే రోజంతా గుమ్మం పట్టుకుని అరుస్తూ ఉండేవాడు, ఎప్పుడొస్తుందో అసలు వస్తుందో లేదో తెలియక. అందుకని నేర్పింది. వర్క్‌షాపు సైరన్ మోగితే సాయంత్రం, సాయంత్రమైతే సుబ్బి వస్తుంది, గిన్నెలో మరమరాలు పోసి ఇస్తుంది. ఎన్ని నెలలు పట్టిందో. అర్థమయ్యాక నెమ్మదించాడు, పొద్దున గుమ్మంలో నిలబడి “సుబ్బి” అనేవాడు, “సాయంత్రం” అని ఆమె అనేది, వెళ్ళి గోడ వారగా కూర్చునేవాడు. తను జీవితంలో నేర్పిన మొదటి పాఠం అది. ఆ పాఠాన్నే మూటలో కట్టుకుని, కట్నీ దాటాక ఒక చిన్న స్టేషన్లో దిగి, టాంగాలో మామిడితోటల మధ్య నుంచి పోయి, ఎర్రగోడ ముందు, ఇనుప గేటు ముందు, నాన్న వెనక నిలబడి మోచేత్తో పొడుస్తుంటే, సాయంత్రం, అంది. సుబ్బి సాయంత్రం వస్తుంది. అన్న ఆమె జడ పట్టుకుని ఉన్నాడు. వెంటనే వదిలేశాడు.

“చల్లటిది దొరకలేదు,” అన్నాడు వంశీ, బాటిల్ మూత తీసి సుభద్రకి ఇస్తూ. లహరికి తను ఇస్తే తాగదు. సుభద్ర ఇస్తే రెండు గుక్కలు తాగి మూత తనే పెట్టింది, తిప్పి తిప్పి, బిగిసేదాకా. “చెప్పారా?” అన్నాడు చిన్న గొంతుతో, పిల్లకి వినపడుతుందేమోనని, ఆ చెవుల మీద మఫ్‌లు ఉన్నా.

“చెప్పను,” అంది సుభద్ర.

అతను బెంచీ చివర కూర్చున్నాడు. “మతలబ్?” అన్నాడు, అంటే ఏమిటన్నట్టు.

“సాయంత్రం అని మా అన్నకి చెప్పాను ఒకసారి. నాకన్నా పెద్దవాడే, కానీ ఇలాంటివాడే. ఒక ఆశ్రమంలో వదిలిపెట్టి వచ్చేశాం.”

“తర్వాత?”

“పోయాడు.”

“ఇది ఎక్కకపోతే నేనింటికెళ్ళి దివ్యకి ఏం చెప్పాలి దీదీ,” అన్నాడు వంశీ, రైలుపట్టాల వైపు చూస్తూ. “అది పొద్దున పిల్లకి తలదువ్వి రెండు జడలేసి, లోపలికెళ్ళి తలుపేసుకుంది. మళ్ళీ ఇంకోరోజు అలా వెయ్యడం దానివల్ల కాదు. నావల్లా కాదు.” సుభద్ర ఆ జడలు చూసింది. గట్టిగా, ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకుండా, చాలా రోజులు విప్పక్కర్లేనట్టు వేసి ఉన్నాయి.

పోయాడు అని ఒక్క మాటలో చెప్పింది గానీ అది ఒక్క మాట కాదు. వాణ్ణి వదిలి వచ్చిన వారం అమ్మ నిద్రపోయింది. రెండు రోజులు, కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయింది, లేచి అద్దంలో మొహం చూసుకుని సిగ్గుపడింది. ఇల్లు నిశ్శబ్దమైంది. సుభద్ర మొదటిసారి క్లాసులో అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చింది, ఇద్దరూ మంచం మీద కూర్చుని లెక్కలు చేసుకున్నారు, నవ్వుకున్నారు. ఇంత బాగుంటుందా ఇల్లు అనుకుంది. అనుకోలేదని ఎన్నిసార్లు తనకు తను చెప్పుకున్నా, అనుకుంది. హోలీ వెళ్ళాక దింపారు వాణ్ణి, వానలు ముదిరాక ఉత్తరం వచ్చింది, కామెర్లు అని రాశారు, మంచివాళ్ళే, డాక్టరుకి చూపించారు, చితి కూడా వాళ్ళే పేర్చారు. వాడి బట్టలు తెచ్చుకోవడానికి నాన్నతో తనూ వెళ్ళింది. అక్కడ వంటమనిషి, ముసలామె, రొట్టెలు కాలుస్తూ హిందీలో చెప్పింది. మీవాడు పొద్దున లేవగానే గేటు దగ్గరికి పోయి కూర్చునేవాడు. అన్నం గేటు దగ్గరే పెట్టేదాన్ని. చీకటి పడ్డాక ఇద్దరు పట్టుకుని లోపలికి తేవాలి. మళ్ళీ పొద్దున అక్కడే. ఏదో వినపడాలన్నట్టు తల ఇలా వంచి పెట్టేవాడు. ఇలా అని ఆమె తల పక్కకి వంచి చూపించింది. నాన్నకి అర్థం కాలేదు. సుభద్రకి అక్కడే, ఆ పొయ్యి ముందే అర్థమైంది. ఆ మామిడితోటల్లో సైరన్ లేదు. సైరన్ మోగితేనే కదా సాయంత్రం. ఎన్ని చీకట్లు పడినా వాడికి సాయంత్రం కాలేదు. వదిలి వచ్చిన రోజే ఇంకా నడుస్తోంది వాడికి, నాలుగు నెలల పొడుగు పగలు, సుబ్బి చెప్పింది కాబట్టి కూర్చున్నాడు. ఆ మాట నాన్నకి చెప్పలేదు, నాన్న పోయాడు. అమ్మకి చెప్పలేదు. ఈ సంస్థలో చేరేటప్పుడు ఈ పని ఎందుకు చేద్దామనుకుంటున్నావమ్మా అని ప్రేమ్‌చంద్ సార్ అడిగితే, పిల్లలంటే ఇష్టం సార్ అంది.

పక్క బెంచీలో బుట్ట పెట్టుకుని కూర్చున్న ఛత్తీస్‌గఢీ ముసలమ్మ చాలాసేపటి నుంచి చూస్తోంది. “నోనీ ల కా హోగే?” అంది, పాపకి ఏమైందని. ఏమీ కాలేదు తల్లీ, చప్పుళ్ళంటే భయం అంది సుభద్ర ఆమె భాషలోనే. ముసలమ్మ తలూపి, పాపం తన బుట్టని చప్పుడు కాకుండా జరుపుకుంది. ఇంత చాలు, అనుకుంది సుభద్ర. లోకంలో అందరూ ఇలా బుట్ట కాస్త మెల్లగా జరుపుకుంటే చాలు, ఏ పిల్లనీ ఏ బండీ ఎక్కించక్కర్లేదు. కానీ ఒక గది ఇంట్లో, ఏడు నెలల పిల్లాడితో, నిద్ర లేని తల్లితో, ఎవరు దేన్ని మెల్లగా జరుపుతారు. దివ్యని తను తప్పు పట్టగలదా. రెండు రోజులు నోరు తెరుచుకుని నిద్రపోయిన అమ్మని పట్టగలదా. మంచం మీద కూర్చుని నవ్విన పదిహేనేళ్ళ పిల్లని మాత్రం వదల్లేదు. ఆ పిల్లని పట్టుకుని ఇంతకాలం నడిపించుకొస్తూనే ఉంది, ఎక్కడా కూర్చోనివ్వకుండా.

బండి ఇంకో పావుగంటలో వస్తుందని మైకు చెప్పింది. సుభద్ర బ్యాగులోంచి బొమ్మల పట్టీ తీసింది. సంస్థలో పిల్లలందరికీ ఇలాంటివి ఉంటాయి, రోజులో ఏది తర్వాత ఏదో వరసగా అతికించిన బొమ్మలు, ఒకటి అయ్యాక ఒకటి ఊడదీసి సంచిలో వేసుకోవాలి. ఈ పట్టీ నిన్న సాయంత్రం కూర్చుని చేసింది. ఆటో, స్టేషను, రైలు, నాన్న, చెట్లున్న ఇల్లు. లహరి లేచి కూర్చుని ఆటోని ఊడదీసింది, సంచిలో వేసింది. రైలు బొమ్మ మీద వేలు పెట్టి ఆగింది. సుభద్ర ఒక చెవి మీది మఫ్ కొంచెం ఎత్తి పట్టుకుంది. బ్యాగులోంచి దివ్య ఫోటో తీసి పిల్లకి చూపించింది. ఆ పిల్లకి పొడుగు వాక్యాలు పనికిరావు, చిన్నవి కావాలి, ఒక్కో దానికీ మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ కావాలి, గొంతు పైకీ కిందికీ పోకూడదు. అలాగే చెప్పింది.

“లహరీ. బండి వస్తుంది. లహరి ఎక్కుతుంది. నాన్న ఎక్కుతాడు. దీదీ ఎక్కదు. అమ్మ ఇంట్లో ఉంది. చెట్ల ఇంట్లో అమ్మ లేదు.”

“దీదీ,” అన్నాడు వంశీ, చెయ్యి అడ్డం చాపి.

“సాయంత్రం అమ్మ రాదు. రేపు అమ్మ రాదు. చాలా రోజులు అమ్మ రాదు.”

చెప్పేసింది. ముప్పై రెండేళ్ళ కిందట ఎర్రగోడ ముందు చెప్పాల్సిన మాటలు అవి, ఇంకెవరికో చెప్పాల్సినవి. చెప్పి, పిల్ల మొహంలోకి చూస్తూ, ఎదురుచూసింది. కింద పడుతుంది ఇప్పుడు. అరుస్తుంది. తల నేలకేసి కొడుతుంది, కింద తన అరచెయ్యి పెట్టాలి, వేళ్ళు నలుగుతాయి, పర్లేదు. జనం మూగుతారు, బండి వస్తుంది, రెండు నిమిషాలు ఆగుతుంది, వెళ్ళిపోతుంది, వంశీ బ్యాగు ఎత్తుకుని ఇంటికి నడుస్తాడు. అప్పుడు ఏదో ఒకటి, ఇంకో దారి, ఇంకో వారం. సుభద్ర అరచేతులు అప్పటికే నేలవైపు తిరిగి ఉన్నాయి. అప్పుడు తెలిసింది ఆమెకి, తను నిజం చెప్పింది పిల్ల కోసం ఒక్కదాని కోసమే కాదని. పిల్ల అరవాలి. పెద్దవాళ్ళెవరూ అనలేకపోయిన వద్దు అన్న మాటని ఆ ఆరేళ్ళ పిల్ల గొంతు చించుకుని అనాలి.

లహరి ఆమె నోటి వైపే చూస్తోంది. ఆ పిల్లకి సొంత మాటలు తక్కువ, ఎవరైనా అన్న మాట చివర పట్టుకుని అది తనదయ్యేదాకా తిప్పుతూ ఉంటుంది. “అమ్మ రాదు,” అంది. సుభద్ర గొంతుతోనే అంది, అదే నెమ్మదితో, అదే ఖాళీతో. “చాలా రోజులు అమ్మ రాదు.” మఫ్‌ని తనే లాగి చెవి మీద పెట్టుకుంది. స్టేషను బొమ్మ ఊడదీసి సంచిలో వేసింది. రైలు బొమ్మ మాత్రం వదలకుండా చేత్తో పట్టుకుని, పట్టాల చివర, బండి వచ్చే వైపు చూడటం మొదలుపెట్టింది. దీదీ చెప్పింది కాబట్టి జరుగుతుంది. దీదీ చెప్పింది ఎప్పుడు జరగలేదు?

బండి వచ్చింది. ఇనుము మీద ఇనుము రాపిడికి లహరి ఒక్కసారి ఒళ్ళంతా బిగపట్టి, వదిలింది. వంశీ బ్యాగు భుజాన వేసుకుని చెయ్యి చాపాడు, పిల్ల అతని చూపుడువేలు పట్టుకుంది. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టి ఎక్కింది. వెనక ఎక్కేవాళ్ళు తొందరపెట్టినా పట్టించుకోలేదు. కిటికీ పక్క సీటు. ఊచకి నుదురు ఆనించింది. పెదాలు కదులుతున్నాయి. సుభద్ర కిటికీ దగ్గరికి వెళ్ళింది. “అమ్మ రాదు. దీదీ ఎక్కదు. అమ్మ రాదు,” పాఠం అప్పజెబుతున్నట్టు ఉంది ఆ గొంతు, తప్పు లేకుండా. ఆ కళ్ళు సుభద్ర మీద లేవు, ఆమె వెనక ఎక్కడో ప్లాట్‌ఫారం గడియారం మీద ఉన్నాయి. లహరీ అని పిలవాలనిపించింది. పిలిచి ఏం చెప్పాలి. బండి కదిలింది. తలుపు దగ్గర వంశీ నిలబడి ఉన్నాడు, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఏడుస్తున్నాడు, జనం చూస్తున్నారని కూడా లేకుండా. ఎవరైనా దిగమని ఒక్క మాట అంటే దిగేసేటట్టే ఉన్నాడు. సుభద్ర నోట్లో ఆ మాట లేదు. పెట్టెల మీద పెట్టెలు దాటిపోయాయి, చివర గార్డు పెట్టె, తర్వాత ఖాళీ పట్టాలు, వాటి మీద ఎండ.

ఇది సరైనదే అని ఎవరైనా అంటారు. ప్రేమ్‌చంద్ సార్ ఉంటే అనేవారు, పిల్లకి నిజం తెలుసు, ఎదురుచూస్తూ గేటు దగ్గర కూర్చోదు, అన్నం మానదు. నిజమే, కూర్చోదు. ఎదురుచూడదు. ఆరేళ్ళ పిల్లకి ఎదురుచూడక్కర్లేదని నేర్పి పంపింది తను. ఏది ఎక్కువ చెడ్డదో రాసుకోవడానికి ఏ నోటుపుస్తకంలోనూ గడి లేదు. మెట్లవంతెన వైపు నాలుగడుగులు వేసేసరికి ఫోను మోగింది. దివ్య.

“ఎక్కిందా దీదీ?”

“ఎక్కింది.”

“బండి వెళ్ళిపోయిందా?”

“ఇప్పుడే.”

అవతల బాబు ఏడుస్తున్నాడు. దివ్య వాణ్ణి ఊరుకోబెట్టడం లేదు. “బాగా ఏడ్చిందా?” అంది.

లేదు, అన్న మాట సుభద్ర నాలుక చివరిదాకా వచ్చింది. ఊరట కోసం అడుగుతోందనుకుంది. లేదు, బుద్ధిగా ఎక్కింది, కిటికీ పక్కన కూర్చుంది, నిశ్చింతగా పడుకో అమ్మా అని చెప్పబోయింది. ఆ ఆగిన ఒక్క క్షణంలోనే దివ్య గొంతు మారిపోయింది.

“ఏడవలేదా దీదీ?” అంది. “నన్ను అడగలేదా? ఒక్కసారి కూడా?”

సుభద్ర వంతెన కమ్మీ పట్టుకుంది. ఎండకి కాలుతోంది.

“ఏడ్చింది,” అంది. “అమ్మా అమ్మా అని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది దివ్యా. ఇద్దరం పట్టుకున్నా ఆగలేదు. నీకోసమే ఏడ్చింది.”

అవతల దివ్య బావురుమంది. నోరంతా తెరిచి, ఎన్నాళ్ళుగానో దాచుకున్నట్టు. కాసేపటికి బాబు ఏడుపు ఆగింది, ఆమెది ఆగలేదు. ప్లాట్‌ఫారం మీదికి ఇంకో బండి వచ్చి ఆగింది, దిగినవాళ్ళు సంచులతో, పెట్టెలతో, పిల్లలతో మెట్లెక్కుతూ సుభద్రని అటూ ఇటూ తోసుకుంటూ పోతున్నారు. ఆమె పక్కకి ఒదిగి నిలబడింది. ఫోను చెవి దగ్గరినుంచి తియ్యలేదు.